గిజిగాడి మొదటి గూడు: జంతువులు నేర్చుకునే తీరు మన చదువుల గురించి ఏం చెబుతోంది?

సంక్షిప్తంగా: గుర్తుపెట్టుకోవడం, వేగంగా బదులివ్వడం జంతువులకూ వచ్చిన విద్యలే. మన పరీక్షలు ఎక్కువగా కొలుస్తున్నవి కూడా అవే. పోనీ ఆ విద్యలు నేర్చుకోవడానికి ఎలుకకు, ఈగకు, పిట్టకు ఏం కావాలో నూరేళ్లకు పైగా సాగిన ప్రయోగాలు చెబుతున్నాయి: తప్పు చేసే వీలు, మధ్యలో విరామం, తన ప్రయత్నానికి ఫలితం ఉందన్న నమ్మకం. విజయవాడ, గుంటూరు ఇంటర్ క్యాంపస్‌ల దినచర్యలో వీటికి చోటు తక్కువ.

2007లో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయం ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రచురించింది. టచ్ స్క్రీన్ మీద కొన్ని అంకెలు చెల్లాచెదురుగా క్షణకాలం కనిపిస్తాయి, వెంటనే వాటిపై తెల్లటి గళ్లు పడతాయి. చిన్న అంకె నుంచి పెద్ద అంకె దాకా వరుస తప్పకుండా ఆ గళ్లను తాకాలి. అంకెలు సెకనులో ఐదో వంతు సేపే కనిపించినప్పుడు అయుము అనే చిన్న వయసు చింపాంజీ పదింటికి ఎనిమిదిసార్లు సరిగ్గా తాకింది. అదే పనిలో కాలేజీ విద్యార్థులు పదింటికి నాలుగుసార్ల దగ్గరే ఆగిపోయారు. తగినంత సాధన చేస్తే మనుషులూ ఆ స్థాయికి చేరతారని తర్వాత వేరే పరిశోధకులు చూపారు కాబట్టి చింపాంజీ జ్ఞాపకం మనిషిని మించిందని తీర్మానించలేం. అయినా ఒక ప్రశ్న మిగిలిపోయింది: చూసింది చూసినట్టు గుర్తుంచుకుని క్షణంలో అప్పజెప్పడమే తెలివైతే, మనిషి ప్రత్యేకత ఎక్కడుంది?

విజయవాడ, గుంటూరులకు ఈ ప్రశ్న దూరపుది కాదు. ఎంసెట్ రోజుల నుంచీ రెసిడెన్షియల్ కోచింగ్‌కు ఇవి పేరుమోసిన ఊళ్లు. తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు, మైక్రో షెడ్యూల్, వారం వారం టెస్టు, ఆ మార్కులను బట్టి సెక్షన్ మార్పు: ఈ పద్ధతి ఇక్కడ స్థిరపడి రెండు తెలుగు రాష్ట్రాలకూ పాకింది. ఫలితాల రోజున బెంజి సర్కిల్ చుట్టూ లేచే హోర్డింగులు చూసి ఇది బాగా పనిచేస్తోందని అనుకోవడం సహజం. మరోవైపు 2025 జులైలో, విశాఖపట్నంలో ఒక నీట్ విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కులను బట్టి పిల్లలను బ్యాచులుగా విడదీయడం, అందరి ముందు అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం వీలైనంతవరకు మానుకోవాలని విద్యాసంస్థలకు, ముఖ్యంగా కోచింగ్ కేంద్రాలకు చెప్పింది. కోర్టు ఈ మాటలు మానసిక ఆరోగ్యం కోణంలో అంది. నేర్చుకోవడం అనే కోణంలో చూసినా అవి సరైనవేనా అన్నది తేల్చడానికి జంతువుల మీద జరిగిన పరిశోధన పనికొస్తుంది.

పెట్టెలో పిల్లి: బడి అరువు తెచ్చుకున్న సగం

1898లో అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ ఆకలితో ఉన్న పిల్లులను చెక్క పెట్టెల్లో ఉంచి, బయట ఆహారం పెట్టాడు. లోపల తాడు లాగితేనో మీట నొక్కితేనో తలుపు తెరుచుకుంటుంది. పిల్లి గోకింది, కొరికింది, అటూ ఇటూ దూకింది, చివరికి అనుకోకుండా మీట నొక్కింది. మళ్లీ మళ్లీ పెట్టెలో ఉంచేకొద్దీ బయటపడే సమయం కొంచెం కొంచెంగా తగ్గింది. సంతృప్తినిచ్చిన చేష్ట నిలుస్తుంది, ఇవ్వనిది రాలిపోతుంది అన్న సూత్రం ఇక్కడే పుట్టింది. తర్వాత అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాలు, ఎలుకలతో ఈ సూత్రాన్ని మరింత సానబెట్టాడు.

ఆధునిక బడి ఇందులోంచి ఒక్క ముక్క పట్టుకుంది: మంచి చేస్తే బహుమతి, తప్పు చేస్తే శిక్ష, వచ్చేదాకా మళ్లీ మళ్లీ. కానీ ఆ పెట్టెలో జరిగినదంతా అది కాదు. పిల్లి చేసిన పనికి ఫలితం అక్కడికక్కడే, ఆ క్షణంలోనే అందింది. 1953లో స్కిన్నర్ తన కూతురు చదివే తరగతిలో వెనక కూర్చుని లెక్కల పాఠం చూశాడు. తాము చేసింది ఒప్పో తప్పో పిల్లలకు వెంటనే తెలియడం లేదనీ, వేగం వేరువేరుగా ఉన్నవాళ్లంతా ఒకే వేగంతో నడవాల్సి వస్తోందనీ గమనించాడు. పావురానికైనా ఇలా నేర్పలేమని తోచి బోధనా యంత్రం తయారుచేసే పనిలో పడ్డాడు.

ఈ గీటురాయి మీద వారాంతపు టెస్టును పెడితే మిశ్రమ ఫలితం వస్తుంది. తరచూ పరీక్ష పెట్టడం చెడ్డ పని కాదు. చదివినదాన్ని మళ్లీ చదవడం కంటే పుస్తకం మూసి గుర్తుచేసుకునే ప్రయత్నం చేస్తే జ్ఞాపకం ఎక్కువ కాలం నిలుస్తుందని 2006 నాటి రోడిగర్, కార్పికీల ప్రయోగాలు చూపాయి. ఆ మేరకు మన కాలేజీలు సరైన దారిలోనే ఉన్నాయి. తేడా వచ్చేది టెస్టు అయ్యాక. విద్యార్థికి ముందు చేరేది ర్యాంకు. ఏ ప్రశ్న ఎందుకు తప్పింది, ఆలోచన ఎక్కడ పక్కదారి పట్టింది అన్న సమాచారం తర్వాత ఎప్పుడో వస్తుంది, ఒక్కోసారి అసలు రాదు. పిల్లికి తలుపు తెరుచుకునేది. ఇక్కడ తలుపు సంగతి చెప్పకుండా, నీకంటే ముందు నలభై పిల్లులు బయటపడ్డాయని చెబుతున్నారు.

ఎర లేకుండా నేర్చుకున్న ఎలుకలు

బహుమతి లేనిదే నేర్పు రాదన్న నమ్మకానికి 1930లోనే గట్టి దెబ్బ తగిలింది. కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్ టోల్‌మన్, చార్లెస్ హోంజిక్ మూడు గుంపుల ఎలుకలను చిక్కుదారుల్లో వదిలారు. ఒక గుంపుకు గమ్యంలో రోజూ తిండి దొరికేది. ఒక గుంపుకు ఎప్పుడూ దొరకలేదు. మూడో గుంపుకు పది రోజులు ఏమీ లేదు, పదకొండో రోజున తిండి పెట్టారు. ఆ పది రోజులూ మూడో గుంపు దారి తెలియనట్టే తిరిగింది. పన్నెండో రోజున మాత్రం రోజూ తిండి తిన్న గుంపుతో సమానంగా దారి పట్టేసింది. అంటే ఆ పది రోజులూ ఎలుకలు ఊరికే తిరగలేదు. తలలో దారుల పటం గీసుకున్నాయి. అవసరం వచ్చేదాకా అది బయటికి కనిపించలేదు, అంతే.

పరీక్షలకు ఇందులో పెద్ద పాఠమే ఉంది. పదో రోజున ఆ గుంపుకు టెస్టు పెట్టి మార్కులు వేసి ఉంటే వాటిని చివరి సెక్షన్‌లో పడేసేవాళ్లం. నేర్చుకోవడం వేరు, నేర్చుకున్నది ప్రదర్శించడం వేరు. వారం వారం ప్రదర్శనను మాత్రమే లెక్కగట్టే పద్ధతికి ఈ రెండింటి మధ్య తేడా కనిపించదు.

1950 ప్రాంతంలో హ్యారీ హార్లో కోతులకు గొళ్లాలు, కొక్కేలు కలిసిన ఒక పజిల్ ఇచ్చాడు. ఎవరూ ఏమీ ఇవ్వకపోయినా అవి దాన్ని విప్పాయి, మళ్లీ పెడితే మళ్లీ విప్పాయి. పని మీద ఇష్టం తప్ప వేరే కారణం కనిపించలేదు. పజిల్‌లో ఎండుద్రాక్ష పెట్టడం మొదలుపెట్టాక పని మెరుగుపడకపోగా చెడింది. 1973లో అమెరికాలో నర్సరీ పిల్లలతో దీనికి దగ్గరి ప్రయోగం జరిగింది. బొమ్మలు వేస్తే రిబ్బను కట్టిన సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పిన పిల్లలు, తర్వాత ఖాళీ సమయంలో రంగు పెన్నుల జోలికి వెళ్లడం మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగానికి పడిపోయింది. బహుమానం వచ్చి ఇష్టాన్ని పక్కకు నెట్టేసింది. ఇంటర్ రెండేళ్లూ భౌతికశాస్త్రంతో కుస్తీ పట్టి మంచి ర్యాంకు తెచ్చుకున్న పిల్లలు ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో ఆ పుస్తకం ముట్టబుద్ధి కావడం లేదంటే దాన్ని సోమరితనం అనేస్తున్నారు. హార్లో కోతులు మరో కారణం చెబుతాయి.

గిజిగాడు పనికిరాని గూళ్లు ఎందుకు కడతాడు?

తొలకరి పడ్డాక గుంటూరు, తెనాలి మధ్య కాలువ గట్ల మీద తాటి చెట్లకు, ఈత చెట్లకు వేలాడే గిజిగాడి గూళ్లు చూడనివారు ఉండరు. జాగ్రత్తగా చూస్తే అదే చెట్టుకు సగంలో వదిలేసిన గూళ్లు కూడా చాలా కనిపిస్తాయి. మగపిట్ట గూటిని సగం దాకా, బోర్లించిన టోపీలా అల్లి ఆడపిట్టను పిలుస్తుంది. దానికి నచ్చితేనే మిగతా సగం పూర్తవుతుంది. నచ్చకపోతే మగపిట్ట ఆ గూటిని వదిలేసి మరొకటి మొదలుపెడుతుంది.

గూడు అల్లడం పుట్టుకతో వచ్చే విద్య అని చాలాకాలం అనుకున్నారు. 1960లలో నికొలస్, ఎల్సీ కొలియాస్ దంపతులు గిజిగాడి ఆఫ్రికా చుట్టం మీద పరిశోధన చేశారు. పిల్లప్పుడు గడ్డి పోచలు అందకుండా పెంచిన మగపిట్టలు పెద్దయ్యాక సరిగా అల్లలేకపోయాయి. అవి అందిన పిల్లపిట్టలు వంకర ముడులు వేస్తూ, పోచలు జారవిడుస్తూ, కట్టింది పీకుతూ క్రమంగా నేర్చాయి. 2011లో బోట్స్‌వానాలో మరో జాతి అల్లిక పిట్టలను గమనించినవాళ్లకు ఒకే పిట్ట ఒక్కో గూటిని ఒక్కో తీరుగా కట్టడం, అనుభవం పెరిగేకొద్దీ పోచలు జారిపోవడం తగ్గడం కనిపించింది. పాడే పిట్టల కథా ఇదే. పెద్దపిట్ట పాట విన్న పిల్లపిట్ట మొదట చంటిబిడ్డ ఊకొట్టినట్టు అర్థంలేని కూతలు కూస్తుంది. వాటిని తన చెవులతో తానే విని సరిదిద్దుకుంటూ పాటలోకి వస్తుంది. చిన్నప్పుడే వినికిడి పోయిన పిట్టకు ఆ పాట కుదరదు.

ఈ రెండింటిలోనూ గమనించాల్సింది, నేర్చుకునే కాలంలో తప్పుకు ఖరీదు లేకపోవడం. పిల్లపిట్ట వేసిన వంకర ముడిని ఎవరూ లెక్కలో రాసుకోరు. ఆ ముడి ఎందుకు జారిందో దాని ముక్కుకే తెలుస్తుంది. మన ఇంటర్ విద్యార్థికి ఇలాంటి కాలం దాదాపు లేదు. పాఠం విన్న వారంలోనే దాని మీద టెస్టు, టెస్టు మీద ర్యాంకు, ర్యాంకు మీద సెక్షన్, ఆదివారం ఇంటికి ఫోన్. నీట్‌లో తప్పు జవాబుకు ఒక మార్కు కోత ఉంటుంది. వడపోత పరీక్షకు అది అవసరమే. ఆ కోతను సాధన దశలోకి, మొదటి నెల నుంచే తెచ్చిపెట్టడంతోనే చిక్కు వస్తోంది. తెలియని లెక్కను సొంతంగా ప్రయత్నించడం కంటే వదిలేయడమే లాభమని పిల్లలు చాలా తొందరగా గ్రహిస్తారు.

ఈగకూ కావాలి విరామం

1994లో టిమ్ టల్లీ బృందం పండ్ల మీద ముసిరే చిన్న ఈగలకు ఒక వాసన ప్రమాదకరమని నేర్పింది. పాఠం ఒకటే, పదిసార్లు చెప్పారు. కొన్ని ఈగలకు వెంటవెంటనే, కొన్నింటికి ఒక్కో పాఠానికీ మధ్య పావుగంట విరామం ఇచ్చి. మొత్తం శిక్షణ సమానమే అయినా వారం తర్వాత కూడా నిలిచే జ్ఞాపకం విరామం దొరికిన ఈగల్లోనే ఏర్పడింది. తేనెటీగల్లో, సముద్రపు నత్తల్లో కూడా ఇదే కనిపించింది. ఆ నత్తల జ్ఞాపకం మీద చేసిన కృషికి ఎరిక్ కాండెల్‌కు 2000లో నోబెల్ పంచి ఇచ్చారు. కారణం నాడీకణం లోపల ఉంది. ఎక్కువకాలం నిలిచే జ్ఞాపకానికి కణం కొత్త ప్రొటీన్లు తయారుచేయాలి, కణాల మధ్య కొత్త అతుకులు పడాలి. ఆ పనికి సమయం పడుతుంది. పాఠం మీద పాఠం కుమ్మరించినంత మాత్రాన అది తొందరగా అయిపోదు.

నిద్ర సంగతీ ఇలాంటిదే. 1994లోనే మాథ్యూ విల్సన్, బ్రూస్ మెక్‌నాటన్ ఎలుకల మెదడులో ఒక విశేషం నమోదు చేశారు. ఎలుక దారుల్లో తిరిగేటప్పుడు కలిసి స్పందించిన నాడీకణాలు, ఆ తర్వాతి నిద్రలో మళ్లీ కలిసి స్పందించాయి. పగలు నడిచిన దారిని నిద్రలో మెదడు మరోసారి నడుస్తున్నట్టు కనిపించింది.

విడతలుగా చదివితే బాగా గుర్తుంటుందని 1885లో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ తన మీద తానే ప్రయోగం చేసుకుని చెప్పాడు. ఇంత పాతదీ, ఈగ నుంచి మనిషి దాకా ఇంత ఏకగ్రీవంగా తేలినదీ విద్యారంగంలో మరొకటి దొరకడం కష్టం. అయినా క్యాంపస్ షెడ్యూల్‌లో ముందుగా కోతపడేది నిద్రే. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ కేంద్రాలకు ఇచ్చిన మార్గదర్శకాలు రోజుకు ఐదు గంటలకు మించి క్లాసులు వద్దన్నాయి. స్టడీ అవర్లు మాత్రం క్లాసుల లెక్కలోకి రావన్నది చాలాచోట్ల నడుస్తున్న వాదన. టైమ్‌టేబుల్‌లో ఆ గంటకు ఏ పేరు పెట్టారో నాడీకణం చూడదు.

తలుపు తెరిచి ఉన్నా కదలని కుక్కలు

1967లో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మయర్ కుక్కల మీద చేసిన ప్రయోగం చదవడానికే బాధగా ఉంటుంది. ఒక గుంపు కుక్కలు పలకను నొక్కి విద్యుత్ షాకును ఆపుకోగలిగేవి. మరో గుంపుకు అవే షాకులు తగిలేవి, ఏం చేసినా ఆగేవి కావు. తర్వాత రెండు గుంపులనూ చిన్న అడ్డుగోడ ఉన్న పెట్టెలో ఉంచారు. అవతలికి దూకితే షాకు ఉండదు. మొదటి గుంపు దూకింది. రెండో గుంపులో ఎక్కువ కుక్కలు కూలబడి మూలుగుతూ ఉండిపోయాయి. రెండు గుంపులకూ తగిలిన బాధ సమానమే. ఏం చేసినా ఫలితం మారదన్న అనుభవం ఒకదానికే ఉంది. దీనికి ‘నేర్చుకున్న నిస్సహాయత’ అని పేరు వచ్చింది.

దాదాపు ఏభై ఏళ్ల తర్వాత, 2016లో, ఆ ఇద్దరే మెదడు పరిశోధనల వెలుగులో తమ వివరణను తిరగరాశారు. నిస్సహాయత నేర్చుకున్నది కాదు, దీర్ఘకాలపు బాధకు మెదడు సహజంగా ఇచ్చే స్పందనే అది. నా చేతిలో ఏదో ఉంది అన్న భావనే నేర్చుకోవాల్సింది. 1968లో ఆ కుక్కలను మామూలు చేసిన పద్ధతి ఈ వివరణతో సరిపోతుంది: తాడు పట్టి వాటిని పదే పదే అడ్డుగోడ దాటించారు. దాటితే ఫలితం ఉంటుందని ఒంటికి తెలిశాక, అవి తమంతట తామే దూకాయి.

సెక్షన్ల పద్ధతిని దీని పక్కన పెట్టి చూడాలి. అయిదారు టెస్టుల్లో వెనకబడిన విద్యార్థి కింది సెక్షన్‌కు దిగుతాడు. అక్కడ అధ్యాపకులు మారతారు, మెటీరియల్ మారుతుంది, అంచనాలూ మారతాయి. కష్టపడి తన మార్కులు పెంచుకున్నా, అందరి మార్కులూ పెరిగితే ర్యాంకు అక్కడే ఉంటుంది. ప్రయత్నానికీ ఫలితానికీ ఉన్న తాడు తెగిందంటే ఇదే. అలాంటివాళ్ల కోసం మోటివేషన్ క్లాసు పెడతారు. ఒక్క కుక్క కూడా ఉపన్యాసం విని గోడ దాటలేదు. ఆ పిల్లవాడు చేయగలిగిన స్థాయి లెక్కలు ఇచ్చి, చేశాక తనకే తెలిసేలా చూడటం, నిన్నటి తనతో పోల్చి ఈరోజు ఎంత కదిలాడో చూపడం తాడు పట్టి దాటించడంతో సమానం. బ్యాచుల విభజన మీద సుప్రీంకోర్టు చెప్పిన మాటకు ఈ వైపు నుంచి బలమైన ఆధారమే ఉంది.

గంగిరెద్దు తల, హాన్స్ గిట్ట

సంక్రాంతికి గుమ్మం ముందుకొచ్చే గంగిరెద్దు, అయ్యగారికి దండం పెట్టు అంటే పెడుతుంది, అమ్మగారు చల్లగా ఉండాలా అంటే తలూపుతుంది. మాట అర్థమై ఊపుతోందని ఎవరూ అనుకోరు. తాడు కదలిక, గొంతు తీరు దానికి తెలుసు. 1900ల తొలినాళ్లలో బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం కూడికలు, భిన్నాల జవాబులను గిట్టతో తట్టి చెబుతుంటే మాత్రం పండితులు కూడా నమ్మారు. 1907లో ఆస్కర్ ఫంగ్‌స్ట్ గుట్టు కనిపెట్టాడు. ప్రశ్న అడిగినవారికే జవాబు తెలియకపోతే హాన్స్‌కూ తెలిసేది కాదు. సరైన సంఖ్య దగ్గరికి రాగానే ఎదుటి మనిషి తల, భుజం కదిలే అతి సూక్ష్మమైన తీరును అది పట్టేది. యజమాని ఫాన్ ఓస్టెన్ మోసగాడు కాదు. నిజంగానే గుర్రానికి లెక్కలు నేర్పానని నమ్మాడు.

మన తరగతి గదిలో ఈ దృశ్యం ఎంత మామూలో గుర్తుచేసుకోవాలి. ఆమ్లం, క్షారం కలిస్తే వచ్చేది లవణమూ, నీ... అని మాస్టారు ఆపుతారు. రూ, అని తరగతి మొత్తం పూర్తిచేస్తుంది. అర్థమైందా అంటే అర్థమైంది సార్ అని ఒకే గొంతు. ఆ గొంతులో ఎంతమందికి రసాయనశాస్త్రం తెలిసిందో, ఎంతమందికి మాస్టారి స్వరం తెలిసిందో విడదీయడం కుదరదు. పోటీ పరీక్షల సాధనలో ఇది ఇంకో రూపం తీసుకుంటుంది. ప్రశ్నలో ఈ రెండు మాటలు కనిపిస్తే ఈ ఫార్ములా, ఈ రకం ఆప్షన్లు ఉంటే వాటిని తీసేయి. విద్యార్థి విషయాన్ని చదవడం మాని ప్రశ్న వేసినవారి భుజాన్ని చదువుతాడు. హాన్స్‌ను తక్కువ చేయాల్సిన పని లేదు, అది చూపింది గొప్ప నేర్పే. కాకపోతే మనం కొలుస్తున్నామనుకున్న నేర్పు అది కాదు.

పిల్లలు ఎందుకు అన్నీ అనుకరిస్తారు?

2005లో విక్టోరియా హార్నర్, ఆండ్రూ వైటెన్ ఒక పెట్టెలోంచి తినుబండారం తీసే పద్ధతిని చింపాంజీలకు, మూడు నాలుగేళ్ల పిల్లలకు చూపారు. అందులో కొన్ని చర్యలు పూర్తిగా అనవసరం. పెట్టె పారదర్శకంగా ఉన్నప్పుడు ఆ సంగతి కంటికే తెలుస్తుంది. చింపాంజీలు అనవసరమైనవి వదిలేసి తిండి తీసుకున్నాయి. పిల్లలు మాత్రం చూపినవన్నీ పొల్లుపోకుండా చేశారు. మొదటి చూపుకు చింపాంజీయే తెలివైనదనిపిస్తుంది. అయితే కారణం తెలియకపోయినా పెద్దలు చేసింది చేయగలగడమే ఆవకాయ పట్టడం నుంచి పడవ కట్టడం దాకా తరాల విద్యలను నిలబెట్టింది. మనిషి తెలివికి ఇది పునాది.

అదే మనిషికున్న బలహీనత కూడా. గురువు బట్టీ చూపితే పిల్లవాడు బట్టీనే విద్య అనుకుంటాడు. ప్రశ్నకు భయపడే గురువు నుంచి ముందు భయాన్నే నేర్చుకుంటాడు.

నేర్పడం మనిషికే సొంతం అనుకోవడమూ పొరపాటే. ఆఫ్రికాలోని కలహారిలో ముంగిస జాతికి చెందిన మీర్‌క్యాట్‌లు పిల్లలకు తేలు వేట నేర్పుతాయని 2006లో తేలింది. చిన్న పిల్లలకు చచ్చిన తేలు, కొంచెం ఎదిగాక కొండి తీసేసిన తేలు, బాగా ఎదిగాక బతికున్న తేలు ఇస్తాయి. మెట్టు తర్వాత మెట్టు. అయితే పెద్దవి పిల్ల నేర్పును చూసి మెట్టు మార్చవు, దాని అరుపును బట్టి వయసు అంచనా వేస్తాయి. పరిశోధకులు పెద్ద పిల్లల అరుపులు స్పీకర్లో వినిపిస్తే, చిన్న పిల్లలకు బతికున్న తేళ్లు తెచ్చిపెట్టాయి. మన తరగతి విధానమూ వయసునే చూస్తుంది. పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వే 2024 నివేదిక ప్రకారం గ్రామీణ భారతంలో ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతమే. మిగతావాళ్లకు మూడో తరగతి పుస్తకం బతికున్న తేలు. వయసును పక్కనబెట్టి, వచ్చిన స్థాయిని బట్టి పిల్లలను కొంతసేపు కూర్చోబెట్టి నేర్పే ప్రథమ్ సంస్థ పద్ధతి మంచి ఫలితాలిచ్చింది. ఇది సెక్షన్ల పద్ధతి లాంటిదే కదా అన్న సందేహం రావచ్చు. అక్కడ గుంపు కట్టేది పైకి తేవడానికి, తరచూ మార్చడానికి. ఇక్కడ ర్యాంకు తెచ్చేవాళ్లను వేరుచేసి వాళ్ల మీద పెట్టుబడి పెట్టడానికి.

బజారు లెక్క, బడి లెక్క

నేర్చుకున్నది ఒకచోట నుంచి మరోచోటికి రావడం జంతువులకు చాలా కష్టం. మనకూ అనుకున్నంత తేలిక కాదు. 1985లో బ్రెజిల్‌లోని రెసిఫేలో వీధుల్లో అమ్ముకునే పిల్లలను పరిశోధకులు గమనించారు. బేరం మధ్యలో అడిగిన లెక్కలకు 98 శాతం సరైన జవాబులు వచ్చాయి. అవే లెక్కలు కాగితం మీద అంకెలుగా ఇస్తే 37 శాతమే. 2025లో, నోబెల్ గ్రహీతలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో పాల్గొన్న బృందం కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్ల పిల్లలతో చేసిన అధ్యయనం రెండో వైపు కూడా చూపింది. బజారు పిల్లలకు బడి లెక్క రాలేదు, బడి పిల్లలకు బజారు లెక్క రాలేదు.

మిర్చి యార్డులో తండ్రి పక్కన నిలబడి, ఇన్ని టిక్కీలు (బస్తాలు), క్వింటా ఈ ధర, ఇంత కోత పోతే చేతికెంత అని నోటితో చెప్పే పిల్లవాడు శాతాల పాఠంలో తప్పితే వాడికి లెక్కలు రావనడం తొందరపాటు. రెండు గదుల మధ్య తలుపు ఎవరూ తెరవలేదు. సూత్రాలన్నీ వచ్చిన టాపర్ బ్యాంకు రుణపత్రం చదివి అసలు వడ్డీ ఎంతో చెప్పలేకపోతే అదీ ఇలాంటిదే.

పోలిక ఎక్కడ ఆగుతుంది

ఎలుక నుంచి ఇంటర్ విద్యార్థికి నేరుగా గీత గీయడం సరికాదు. ప్రతి జాతికీ నేర్చుకోవడానికి సిద్ధంగా ఉన్నవి, లేనివి ఉంటాయి. 1966లో జాన్ గార్సియా ఎలుకల్లో చూపినట్టు, ఒంట్లో వికారం కలిగించిన రుచిని అవి తేలిగ్గా దూరం పెడతాయి గానీ, వికారాన్నీ వెలుగునూ కలిపి గుర్తుంచుకోవడం వాటికి చాలా కష్టం. మాట్లాడటం మనిషి బిడ్డకు పాఠం చెప్పకుండానే వస్తుంది. చదవడం, బీజగణితం అలా రావు. అవి కొన్ని వేల ఏళ్ల కిందట మనుషులు కల్పించుకున్నవి, మెదడు వాటికోసం పుట్టలేదు. అందుకే ఎక్కాలు, గుణింతాలు కొంత నోటికి రావాల్సిందే. వదిలేస్తే పిల్లలు అన్నీ వాళ్లే నేర్చుకుంటారన్న వాదనకు జంతు పరిశోధన మద్దతు ఇవ్వదు. పాడే పిట్టకూ పెద్దపిట్ట పాట ముందు వినబడాలి.

కాలేజీలను మాత్రమే తప్పుపట్టడంలోనూ అసలు సంగతి కొంత మరుగునపడుతుంది. ఎంసెట్ స్థానంలో వచ్చిన ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలకు 180 నిమిషాలు. ఒక్కో ప్రశ్నకు దాదాపు 67 సెకన్లు. ఆ సమయంలో ఎవరూ ఆలోచించి దారి కనుక్కోలేరు, తెలిసిన దారిని గుర్తుపట్టగలరు. అయుము నెగ్గిన ఆటకు దగ్గరి ఆట ఇది. పరీక్ష ఇలా ఉన్నంతకాలం క్యాంపస్‌లు దానికి తగ్గట్టే పిల్లలను తీర్చుతాయి, తల్లిదండ్రులు ఫీజులు కడుతూనే ఉంటారు.

రాబోయే ఏళ్లలో మార్పు రెండు వేగాలతో వచ్చే అవకాశం ఉంది. తప్పుల వివరం ముందు, ర్యాంకు తర్వాత ఇవ్వడం, మొదటి కొన్ని నెలల టెస్టులకు నెగెటివ్ మార్కులు తీసేయడం, ఒకే అధ్యాయాన్ని మూడు విడతలుగా మళ్లీ తిప్పడం, రాత్రి చివరి స్టడీ అవర్‌ను నిద్రకు వదలడం ఏ కాలేజీ అయినా వచ్చే సోమవారం నుంచి చేయగలిగిన పనులు. వీటికి భవనాలు అక్కర్లేదు, జీవో అక్కర్లేదు. ర్యాంకులు కూడా తగ్గకపోవచ్చు, ఈగల లెక్కన చూస్తే పెరగాలి. 67 సెకన్ల సంగతి మాత్రం ప్రిన్సిపాల్ చేతిలో లేదు. దానికి పరీక్ష నిర్వహించే రాష్ట్ర ఉన్నత విద్యామండలి ప్రశ్నల సంఖ్య తగ్గించి, దారి వెతికించే ప్రశ్నలు కొన్నైనా చేర్చాలి.